ఎం77 కేంద్రకం వర్ణపటం: రెండు పిక్సెళ్ల దగ్గర వచ్చిన తంటా

కేంద్రకం అసాధారణంగా వెలిగే గెలాక్సీల మీద ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సీఫర్ట్ రాసిన 1943 నాటి వ్యాసంలో పరిశీలించిన గెలాక్సీల్లో ఎం77 ఒకటి. తిమింగలం మండలంలో డెల్టా సెటీకి దాదాపు డిగ్రీ దూరంలోనే ఉంటుంది కాబట్టి వెతుకులాట లేదు. దీని నడిమి నక్షత్రాల కడ్డీ మామూలు ఫొటోల్లో తేలదు, పరారుణంలోనే బయటపడుతుంది. వాయువు కోణీయ ద్రవ్యవేగం పోగొట్టుకుని లోపలికి జారేది ఇలాంటి కడ్డీల వెంబడే. నాకు కావలసింది మాత్రం నడిమధ్య చుక్క.

200 మి.మీ. అద్దం, 1000 మి.మీ. ఫోకల్ దూరం, 3.8 మైక్రాన్ల పిక్సెళ్లున్న మోనో కెమెరా. సెన్సరుకు 40 మి.మీ. ముందు, మిల్లీమీటరుకు 100 గీతల గ్రేటింగ్ (కాంతిని రంగులుగా విడదీసే పలక). అంటే పిక్సెల్‌కు 9.5 ఆంగ్‌స్ట్రామ్‌లు (కాంతి తరంగదైర్ఘ్యపు కొలమానం).

పక్క నక్షత్రాలు అడ్డం రాకుండా గ్రేటింగును ముందే ఎం77 మీద తిప్పి బిగించాను. తర్వాత క్రమాంకనానికి ‘ఎ’ వర్గపు నక్షత్రం. ఫోకస్ కుదర్చాల్సింది నక్షత్రపు చుక్క మీద కాదు, వర్ణపటంలో హైడ్రోజన్ బీటా గాడి (హైడ్రోజన్ కాంతిని మింగేసిన నల్లటి గీత) మీద. చుక్క పదునెక్కిన చోట వర్ణపటం మసకబారుతుంది. ఆపైన దేన్నీ కదపకుండా ఎం77కి 60 సెకన్ల ఫ్రేములు 60. స్లిట్ (కేంద్రకం కాంతిని మాత్రమే రానిచ్చే సన్నటి చీలిక) లేదు గనుక గెలాక్సీ పళ్లెం కాంతి వర్ణపటం మీదికి పరుచుకుంటుంది; పట్టీకి పైనా కిందా నేపథ్యం కొలిచి తీసేశాను.

5000 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటగానే మూపురం లేచింది. అది రెండుసార్లు అయనీకరణమైన ఆక్సిజన్ జంట: 4959, 5007. ఎం77 సెకనుకు సుమారు 1140 కి.మీ. వేగంతో దూరమవుతోంది గనుక అవి 4978, 5026 దగ్గర పడాలి. జరుగుబాటు రెండే పిక్సెళ్లు! జంట మధ్య ఎడం ఐదు పిక్సెళ్లు. గాలి కుదురుగా లేక చుక్కే నాలుగు పిక్సెళ్లకు ఉబ్బితే రెండూ కలిసిపోతాయి. బలాలు 1:3 కాబట్టి ముద్ద నడిమి బిందువు 5014 దగ్గర తేలుతుంది. దాన్నే 5007 రేఖ అనుకుంటే వేగం 420కి పడిపోతుంది. ఎడం, నిష్పత్తి రెండూ స్థిరంగా ఉంచి రెండు గాసియన్లు (గంట ఆకారపు వక్రరేఖలు) అమర్చాకే లెక్క దారికొచ్చింది. అప్పుడూ సున్నా చుక్క (గ్రేటింగ్ విడదీయకుండా వదిలిన కేంద్రకం చుక్క, కొలతకు మొదలు) స్థానంలో ఒక్క పిక్సెల్ తేడా వస్తే సెకనుకు 570 కి.మీ. తప్పు. అసమానంగా ఉన్న పళ్లెం చుక్క కేంద్రాన్ని పక్కకు లాగుతుంది, అందుకే కొలిచే గడిని ఐదు పిక్సెళ్లకు కుదించాను.

ఆక్సిజన్ రేఖ హైడ్రోజన్ బీటాకు మూడు రెట్లు దాటి ఉండటం సీఫర్ట్ గెలాక్సీల (అలా వెలిగే కేంద్రకమున్నవాటి) లక్షణమే. అదొక్కటే రుజువు కాదు, నైట్రోజన్‌కూ హైడ్రోజన్ ఆల్ఫాకూ ఉన్న నిష్పత్తి కూడా కావాలి. హైడ్రోజన్ ఆల్ఫా ఉండే 6563కి అటూ ఇటూ 6548, 6584 నైట్రోజన్ రేఖలు రెండు పిక్సెళ్ల దూరంలోనే అతుక్కుని ఉంటాయి. ఈ గ్రేటింగుతో అవి విడిపోవు. స్లిట్ ఉన్న స్పెక్ట్రోగ్రాఫ్ పట్టుకోవాల్సిందే.