పిట్టల నోట్‌బుక్‌లో జ్వరం లెక్క

మా ఇంట్లో పిట్టల నోట్‌బుక్ ఒకటుంది. మా ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక మొదలుపెట్టాం. తేదీ, చోటు, పిట్ట పేరు, ఎన్ని కనబడ్డాయి అని నాలుగు గడులు. ఆయన లెక్కపెడతారు, నేను రాస్తాను. మా కుక్కలు నల్లోడు, రాణి మా ముందు నడుస్తాయి. రెండూ వీధిలోంచి వచ్చి మా అరుగెక్కినవే.

మా పెళ్లి 1984లో. టెక్కలి నుంచి ఒడిశాలోని పర్లాకిమిడికి కొత్తకోడలిగా చిన్న రైల్లో వచ్చాను. ఇప్పుడా నేరోగేజ్ లేదు, పెద్ద రైలే తిరుగుతోంది. ఆ రోజు పాతపట్నం దాటాక ఆయన నా భుజం తట్టి, కిటికీలోంచి తీగ మీద కూర్చున్న పాలపిట్టను చూపించారు. పెళ్లయ్యాక ఆయన నాకు చూపించిన మొదటి వస్తువు అదే. అందుకే దసరా నాడు పాలపిట్టను చూడకుండా మేం ఇంటికి రాం.

2024 అక్టోబరు 12న కూడా అలాగే పొద్దున్నే మహేంద్రతనయ ఏటిగట్టు మీదికి వెళ్లాం. వానలకి గడ్డి మోకాళ్ల ఎత్తు పెరిగింది. నల్లోడు ఎలక కన్నాలు తవ్వుతున్నాడు. నేను కాళ్లు నొప్పెట్టి ఆ గడ్డిలోనే చీర సర్దుకుని కూలబడ్డాను. రెండు పాలపిట్టలు కనబడ్డాయి. ఎంత సంతోషంగా ఇంటికొచ్చామో.

22వ తేదీ మంగళవారం సాయంత్రం చలితో జ్వరం మొదలైంది. తల పగిలిపోయే నొప్పి, కళ్లు తెరిస్తే వెలుగు గుచ్చుకునేది. మా జిల్లాలో జ్వరమంటే ముందు మలేరియానే అనుకుంటాం. రక్తపరీక్షలో లేదన్నారు. డెంగీ కూడా కాదన్నారు. దగ్గర్లో చూపించుకున్న చోట టైఫాయిడ్ అయ్యుంటుందని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. టీవీలో దానా తుఫాను వార్తలు వస్తున్నాయి, బయట ముసురు, నాకేమో ఒంట్లో నిప్పులు. నాలుగు రోజులైనా జ్వరం 103కి తగ్గలేదు. ఐదో రోజుకి మెట్లెక్కినట్టు ఆయాసం వచ్చింది. ఆయన ఇక ఆగలేదు. కారు మాట్లాడి శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ప్లేట్‌లెట్లు అరవై వేలకు పడిపోయాయి, ఆక్సిజన్ పెట్టారు. రోగం పేరు మాత్రం ఇంకా తెలియలేదు.

ఆ రాత్రి చెమటకి బట్టలు తడిసిపోతే, నర్సు రావడం ఆలస్యమవుతోందని ఆయనే గోరువెచ్చటి నీళ్లలో తువ్వాలు ముంచి నా ఒళ్లు తుడవడం మొదలుపెట్టారు. లంగా బొందు వదులు చేసి నడుం తుడుస్తూ చటుక్కున ఆగిపోయారు.

"ఏమే, ఇక్కడ కాల్చుకున్నావా?"

"లేదండీ."

"చుట్ట నిప్పు పడ్డట్టుంది."

వేలితో చుట్టూ నొక్కారు. నాకు నొప్పి లేదు, దురద లేదు. బొందు కట్టుకునే చోట, ఎడమ పక్కన, కందిగింజంత నల్లటి పక్కు, దాని చుట్టూ ఎర్రటి అంచు. నాకు అద్దంలో కూడా కనబడని చోటు. ఏ డాక్టరుకీ నేను చూపించి ఉండను, వాళ్లూ అడిగి ఉండరు. నలభై ఏళ్లు నాతో కాపురం చేసిన మనిషికి అది నిన్నమొన్నటి దాకా అక్కడ లేదని తెలుసు. ఆ ఒక్క సంగతే నన్ను బతికించిందని నా నమ్మకం.

ఆయన డ్యూటీ డాక్టరును పిలుచుకొచ్చారు. చిన్న వయసు అమ్మాయి. సెల్‌ఫోన్ లైటు వేసి చూసి, "రెండు వారాల కిందట గడ్డిలో, పొదల్లో ఎక్కడైనా కూర్చున్నారా, అమ్మా?" అని అడిగింది. ఆయన సంచిలోంచి పిట్టల నోట్‌బుక్ తీసి పేజీ చూపించారు. అక్టోబరు 12, ఏటిగట్టు, పాలపిట్ట, 2.

స్క్రబ్ టైఫస్ అంది. గడ్డిలో ఉండే మైట్ అనే సన్నటి పురుగు పిల్లలు, కంటికి సరిగా ఆనవు. అవి కుడితే కుట్టినట్టే తెలియదట. ఆ కాటు వేసిన చోటే నల్లగా పక్కు కడుతుంది, లోపలికి వెళ్లిన క్రిమి రక్తనాళాలను పట్టుకుంటుంది, ముదిరితే ఊపిరితిత్తులకూ కిడ్నీలకూ వస్తుంది. పరీక్షకి రక్తం తీశారు గానీ ఫలితం కోసం ఆగకుండా అప్పటికప్పుడే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టింది. రెండో రోజు రాత్రికి జ్వరం దిగింది. అంత మొండి జ్వరం అంత మామూలు మందుకి లొంగుతుందని నేను అనుకోలేదు. మొదటి మూడు రోజుల్లో ఎవరైనా నా నడుం చూసి ఉంటే ఆక్సిజన్ దాకా వచ్చేది కాదేమో అని ఇప్పటికీ బాధేస్తుంది.

చూడటానికి వచ్చిన చుట్టాలు మాత్రం ఒకటే మాట. కుక్కల వల్లే వచ్చింది, ముందు వాటిని వదిలించుకోండి అని. ఆయన మాట్లాడకుండా వెళ్లి డాక్టరమ్మనే అడిగి వచ్చారు. ఆ పురుగు బతికేది ఎలకల మీద, గడ్డిలో. కుక్క నుంచి మనిషికి అంటుకునేది కాదు, మనిషి నుంచి మనిషికీ అంటుకోదు. "వాటి తప్పేం లేదు" అని వాళ్లందరి ముందూ గట్టిగా చెప్పారు. నాకు ఏడుపొచ్చింది. అన్ని రోజులూ వాటికి పక్కింటి ఒడియా మావుసీ (పిన్ని) పొకాళన్నం, అంటే చద్దన్నం పెట్టింది. ఫోన్లో నాతో "భొలొ హెయిజిబొ", నయమైపోతుందిలే, అనేది. వెనకాల రాణి అరుపు వినబడేది.

దీపావళి నాడు ఆక్సిజన్ తీసేశారు. నవంబరు 4న ఇంటికొచ్చాను. కారు దిగగానే నల్లోడు మీదికి ఉరకబోయి, ఏమనిపించిందో, ఆగి నా పాదాల దగ్గర పడుకున్నాడు.

జ్వరం పోయినా నీరసం పోలేదు. ఆరు వారాలు పట్టింది. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. వాకిట్లోంచి కొబ్బరిచెట్టు దాకా పన్నెండు అడుగులు. మొదటి రోజు ఐదు అడుగులకే కూర్చున్నాను. ఆయన పక్కన నడుస్తూ అడుగులు లెక్కపెట్టేవారు. రాణి నా కంటే ముందు పోయేది కాదు, నేను ఆగితే ఆగేది.

ఒక మధ్యాహ్నం పొద్దుపోక నోట్‌బుక్ తీశాను. నేను రాయని రోజులు ఖాళీగా ఉంటాయనుకున్నాను. ఆయన చేతిరాత ఉంది.

అక్టోబరు 27. ఆసుపత్రి కిటికీ. కాకులు 6. జ్వరం 103.

28. కాకులు 4, పావురాలు 2. జ్వరం 102. నీళ్లు రెండు గుక్కలు.

29. కాకులు 3. జ్వరం 99. సగం ఇడ్లీ.

30. ఏమీ చూడలేదు. నాతో మాట్లాడింది.

సంక్రాంతికి సీతాసాగరం చెరువు గట్టు దాకా నడిచాం. ఇప్పుడు గడ్డిలో కూర్చోను, మడత కుర్చీ తీసుకెళ్తాం. కాళ్లకి సాక్సు, బూట్లు వేసుకుంటాను. ఇంటికి రాగానే స్నానం, బట్టలు నేరుగా వేన్నీళ్లలోకి. నీళ్లకు అవతల స్తంభం మీద ఒకటే పాలపిట్ట. ఆయన పెన్ను తీయబోతే చెయ్యి చాపి నేనే తీసుకున్నాను. వేళ్లు ఇంకా కొద్దిగా వణుకుతున్నాయి. జనవరి 14, సీతాసాగరం, పాలపిట్ట, 1.