ఇంకా 22 ఉన్నాయట!

"పైన ఇంకా 22 ఉన్నాయి రా!" అన్నాడు అన్నయ్య, రొప్పుతూ. ఫోనులో అతని వెనక మంచు కొండలు. ఇక్కడ నేను ఈ సాయంత్రం సింహాచలం ఘాట్ రోడ్డు పక్కన, తడిసిన చొక్కాతో సైకిల్‌కు ఆనుకుని నిలబడ్డాను.

అతను ఎక్కుతున్నది ఇటలీలోని స్టెల్వియో కనుమ. ప్రాటో ఊరి వైపు నుంచి 48 మలుపులు. ప్రతి మలుపు దగ్గరా ఒక అంకె. కింద 48తో మొదలై, ఎక్కేకొద్దీ తగ్గుతూ పోతుంది. అలసినవాడికి మిగిలిన దారి ఎంతో చెప్పే ఏర్పాటు. ఎవరు ఆలోచించారో గానీ మంచి మనసు!

కనుమ ఎత్తు 2757 మీటర్లు. మన సింహగిరి సుమారు 300. బుల్డోజర్లు లేని 1820లలో ఆ దారి వేశారంటే, ఆ కూలీల చేతులకు దండం పెట్టాలనిపించింది.

రాత్రి మళ్లీ మాట్లాడాడు. పైకి చేరాక సైకిల్ పక్కన పెట్టి నడిచాడట. దగ్గరలోనే ఒక చిన్న శిఖరం, మొదటి ప్రపంచయుద్ధం దాకా మూడు దేశాల సరిహద్దులు కలిసిన చోటు. ఆనాటి కందకాల ఆనవాళ్లు రాళ్ల మధ్య ఇంకా ఉన్నాయి. 48 మలుపుల గురించి గలగలా చెప్పిన మనిషి, అక్కడి సంగతి వచ్చేసరికి నెమ్మదించాడు. సైకిల్ మీదే తిరిగి దిగిపోయి ఉంటే అవి కంటపడేవి కావు కదా.

చలికాలమంతా ఆ రోడ్డు మూసేస్తారు. వెళ్తే వేసవిలోనే. నేనూ వెళ్తాను, తప్పకుండా. అందాకా అనంతగిరి ఘాట్ మీద సాధన. ఆదివారం తెల్లవారుజామున శృంగవరపుకోట నుంచి బయలుదేరుతున్నాను, వచ్చేవాళ్లు చెప్పండి.