ద్రాక్షారామం స్టేషన్లో ధాన్యం

సామర్లకోటలో దిగి కాకినాడ బండి ఎక్కాను. పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేని దూరానికి అప్పట్లో, 2022లో, టిక్కెట్టు 30 రూపాయలు. కరోనాకు ముందు 10. పెట్టెలు అవే, ఆగే చోట్లు అవే, కిటికీ ఊచల తుప్పు కూడా అదే. ప్యాసింజరన్న పేరు తీసేసి ఎక్స్‌ప్రెస్ అని పెట్టారు, మన జేబులోంచి ఇరవై రూపాయలు ఎక్స్‌ప్రెస్ వేగంతో పోయేవి. మా తెనాలి–రేపల్లె లైన్లోనూ అప్పుడు ఇదే వరస. భట్టిప్రోలులో ఎక్కి తెనాలిలో దిగే కూరల ఆవిడ, ఆ ముప్పై ఇచ్చి ఎక్కడం కన్నా షేర్ ఆటో నయమని రైలు మానేసింది.

అయినా ఈసారి నా గొడవ చార్జీ గురించి కాదు. 2022 కార్తీకం చివర్లో పని మీద కాకినాడ వచ్చాను. పని ఒక్క పూటలో తెమిలింది. కోటిపల్లి వెళ్ళొద్దామనిపించింది. టౌన్ స్టేషన్లో కోటిపల్లి బండి ఎప్పుడని అడిగితే కౌంటర్లో ఆయన తల కూడా ఎత్తలేదు. "రైలుబస్సా? కరోనా అప్పుడు ఆగిందండి. మళ్ళీ లేదు."

ఆ రైలుబస్సు నేను 2018లో ఎక్కాను. ఒకటే పెట్టె. బస్సుకు ఇనుప చక్రాలు తొడిగి పట్టాల మీద పెట్టినట్టుంటుంది. టిక్కెట్టు 10 రూపాయలు, దూరం 45 కిలోమీటర్లు, పట్టిన కాలం రెండు గంటల పైమాటే. అంత నెమ్మది ఎందుకో కరప దాటాక అర్థమైంది. రోడ్డు అడ్డం వచ్చిన చోటల్లా బండి ఆగేది. లోపలి నుంచే ఒకతను దిగి, రోడ్డుకు గేటు వేసేవాడు. బండి అవతలికి వెళ్ళి మళ్ళీ ఆగేది. అతను గేటు తీసి, పంచె కట్టుకున్న పెళ్ళిపెద్దలా తాపీగా నడిచొచ్చి ఎక్కేవాడు. మా లైన్లో గేటు దగ్గర మనుషులు రైలు కోసం ఆగుతారు, ఇక్కడ రైలే మనుషుల కోసం ఆగుతోందని మా నాన్న ఒకటే నవ్వు. ఇరువైపులా వరి, కాలవ గట్ల మీద కొబ్బరిచెట్లు, పట్టాలకు ఇంత దగ్గరగా ఇళ్ళు. ఒకావిడ పెరట్లో అంట్లు తోముతూ డ్రైవరుని పేరు పెట్టి పలకరించింది కూడా.

ఇప్పుడు అదే దారిన బస్సు. కార్తీకం కదా, బస్సు బస్సులా లేదు. శివమాలలు, అయ్యప్ప మాలలు, అరటిదొప్పల సంచులు. ద్రాక్షారామానికి నలభై అయిదు రూపాయలిచ్చి రామచంద్రపురం దాకా ఒంటికాలి మీద నిలబడ్డాను. వెలంగి దగ్గరనుకుంటాను, పక్కనే పట్టాలు కనబడ్డాయి. పట్టాల మధ్య మోకాలెత్తు గడ్డి, ఆ గడ్డిలో రెండు గేదెలు. ఇంతమందిమి ఇక్కడ ఒకరి ముఖంలో ఒకరు ఊపిరి వదులుకుంటుంటే, అంత చక్కటి దారి గేదెలకిచ్చి కూచున్నాం.

భీమేశ్వరుడి దర్శనం సంగతి రాయను. రెండు గంటల క్యూ, రెండు క్షణాల దర్శనం, అందరికీ తెలిసిందే. బయటికొచ్చి స్టేషన్‌కు నడిచాను.

ప్లాట్‌ఫాం మీద ధాన్యం ఆరబోసి ఉంది. ఈ చివరి నుంచి ఆ చివరికి బరకాలు, వాటి మీద పచ్చటి వడ్లు. నీడలో ఒక పెద్దాయన, డెబ్బై అయిదు దాకా ఉంటాయి, చేతిలో కోళ్ళని అదిలించే కర్ర. నా భుజాన బ్యాగు, చేతిలో ఫోను, ఇన్‌షర్టు చూసి గబుక్కున లేచి ఒక బరకం అంచు మడవడం మొదలుపెట్టాడు.

"సాయంత్రానికల్లా ఎత్తేత్తానండి. రైల్వేవోళ్ళాండీ తమరు?"

కాదు, ఊరికే చూద్దామని వచ్చానన్నాను. ఆయనకు నమ్మకం కుదరలేదు.

"ఏం చూత్తారండి? రైలే లేదు కదా!"

అది చూడ్డానికే వచ్చానంటే అప్పుడు నవ్వి బరకం వదిలేసి కూచున్నాడు. తేమ పదిహేడు శాతం దాటితే ధాన్యం కొనరు, కళ్ళాల్లో చోటు లేదు, రోడ్డు మీద పోస్తే లారీలు తొక్కేస్తాయి. సిమెంటు నేల, ఎండ తగిలే చోటు, మనిషి కాలు పడని చోటు ఇంకెక్కడుందని నన్నే అడిగాడు. చెప్పలేకపోయాను.

పాత రైలు కథ ఆయన దగ్గరే సవివరంగా విన్నాను. ఈ లైను మొదట 1928లో వేశారు. 1940లో, రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీక్కుపోయారు. "మా నాన్న ఎక్కాడంటండి ఆ రైలు. నేను పుట్టేతలికి కట్ట ఒకటే మిగిలింది. దాని మీద పశువుల్ని తోలుకెళ్ళేవోళ్ళం. రైలుకట్ట అనేవోళ్ళం గానీ రైలెట్టా ఉంటదో తెలీదు." బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పుడు ఈ లైనుకు మళ్ళీ కదలిక వచ్చింది. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు, రైలు 2004లో వచ్చింది. అంటే పట్టాలు పీకిన అరవై నాలుగేళ్ళకి. మొదటి రోజుల్లో మనవణ్ణి చంకనేసుకుని కాకినాడ దాకా ఊరికే వెళ్ళొచ్చాడట పెద్దాయన.

"రైలు లేని కట్ట చూశానండి. ఇప్పుడు రైలు లేని పట్టాలు చూత్తన్నాను." ఈ మాట అంతకు ముందు చాలామందికి చెప్పే ఉంటాడు, అంత నున్నగా వచ్చింది.

ఎవరూ ఎక్కకే ఆపేశారంటారు కదా అన్నాను.

"రోజుకో పాలి వత్తే ఎవరెక్కుతారండీ? పొద్దున్న కాలేజీ పిల్లలకి అందదు, సాయంత్రం కూలోళ్ళకి అందదు. బస్సు అరగంటకోటి." నాకూ అదే న్యాయమనిపించింది. రోజుకొక్కసారి, అదీ ఎవరికీ కుదరని వేళకి పంపి, లెక్క చూసి నష్టమనడం ఏం లెక్క? మా రేపల్లె బండ్లలో కాలు పెట్టే సందు లేకపోవడానికి మా వాళ్ళకి రైళ్ళంటే వల్లమాలిన ప్రేమేం కాదు, పొద్దున పోయే వేళకి పోతాయి, సాయంత్రం వచ్చే వేళకి వస్తాయి కాబట్టి.

"అయితే రైలు మళ్ళీ రావాలంటారా?" అని లేస్తూ అడిగాను.

"ఆయ్, రావాలండి. రాకపోతే ఎట్టా?" అని కర్రతో వడ్లు ఒకసారి ఎగదోశాడు. "సంక్రాంతి దాటాక వత్తే బాగుంటాదండి."

కోటిపల్లికి ఆటో. గౌతమి ఒడ్డున రేవు, సోమేశ్వరుడి గుడి, అవతల ముక్తేశ్వరం. ఏరు దాటించే పంటు మీద మోటార్‌సైకిళ్ళు ఎక్కిస్తున్నారు. ఏప్రిల్లో జిల్లాలు చీల్చాక కోటిపల్లి కోనసీమ జిల్లాలో పడింది. కలెక్టరుతో పని పడితే ఏరు దాటి అమలాపురం పోవాలి. ఈ లైనుని ఏరు దాటించాలన్నది పాత ముచ్చటే. నర్సాపురం దాకా 57 కిలోమీటర్లు, గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయల మీదా వంతెనలు. నది మధ్యలో స్తంభాలు వరసగా నిలబడున్నాయి, ఒక్కోదాని నెత్తిన ఒక్కో కొంగ. ఒడ్డున నిలబడి వేళ్ళ మీద లెక్కేశాను. సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం: అది పూర్తయితే పంచారామాల్లో నాలుగు రైలు దిగకుండా అందే దారి. అమరావతి ఒక్కటే మిగులుతుంది. టూరిస్టు బస్సుల వాళ్ళు కార్తీకంలో మనిషికి ఎంత గుంజుతారో తెలిసినవాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు. కానీ ఇవతలున్న పట్టాల మీదే బండి లేనప్పుడు అవతలి వంతెన ఎవరికోసమని, పంటు టిక్కెట్లు కొట్టే కుర్రాడు అడిగాడు. అతను అడిగింది నన్ను కాదు, పక్కనున్న కొబ్బరిబోండాల అతన్ని. అతనూ జవాబు చెప్పలేదు, బోండాం కొట్టి నా చేతికిచ్చి నలభై అన్నాడు. కొబ్బరితోటల నడిబొడ్డున నలభై! తెనాలిలో ముప్పై అయిదే.

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు, రామచంద్రపురం దాకా ఆటోలో, అక్కణ్ణుంచి బస్సులో నిలబడి. మర్నాడు పొద్దున తెనాలిలో దిగి, పరుగెత్తి రేపల్లె బండి అందుకున్నాను. భట్టిప్రోలుకి ముప్పై రూపాయలు. సీటు దొరకలేదు.