అయిదడుగుల రెండున్నర అంగుళాల మనిషి, ఆన్‌లైన్ బట్టలు: నా అనుభవం

తిరిగి పంపిన జీన్స్ డబ్బు నిన్న సాయంత్రం ఖాతాలో పడింది. ఒళ్లు మండుతుండగానే రాసేస్తున్నాను, చల్లారాక రాస్తే మర్యాదలు అడ్డొస్తాయి.

ముందు నా కొలతలు చెప్తాను, ఎందుకంటే కథంతా వాటి చుట్టూనే. ఎత్తు అయిదడుగుల రెండున్నర అంగుళాలు, అంటే 159 సెంటీమీటర్లు. ఛాతీ 38, నడుము 32, నలభై దాటిన వాళ్లకి ఉండాల్సినంత బొజ్జ. విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పని. మొన్నమొన్నటిదాకా ఇక్కడి వస్త్రలత బట్టల మార్కెట్లో గుడ్డ కొని టైలర్ బాబాయికి ఇచ్చేవాణ్ణి. నా ఎత్తు గురించి ఆయన ఏనాడూ ఒక్క ముక్క అనలేదు. టేపు పెట్టేవాడు, అంకె రాసుకునేవాడు, అంతే. ఇప్పుడాయనకి చూపు తగ్గి కొత్తవి కుట్టడం మానేశాడు. ఆల్టరేషన్లు మాత్రం చేస్తున్నాడు.

ఆఫీసులో కుర్రాళ్లందరూ ఒక ఆన్‌లైన్ బ్రాండు పేరు జపం చేస్తుంటే నేనూ చూశాను. ప్రతి మగాడి బీరువాలో ఉండాల్సినవంటూ ఒక జాబితా: తెల్ల ఆక్స్‌ఫర్డ్ చొక్కా, లేత నీలం చొక్కా, ఖాకీ రంగు చీనోస్ అనే నూలు ప్యాంటు, ముదురు నీలం జీన్స్, కాలరుండే రెండు పోలోలు, మూడు టీషర్టులు. ఒకేసారి కొంటే తగ్గింపు. కొన్నాను. చెప్పిన రోజుకే వచ్చాయి, ప్యాకింగ్ బాగుంది, గుడ్డ నిజంగానే మంచిది.

వేసుకుని చూశాక మొదలైంది.

వీళ్ల సైజు చార్టులో ఛాతీ ఉంది, నడుము ఉంది, కాలర్ ఉంది. చొక్కా పొడవు, చేతి పొడవు చూడాలంటే ఇంకెక్కడో నొక్కాలి. నొక్కి చూస్తే 38 సైజు చొక్కా పొడవు 29న్నర అంగుళాలు. నాకు కావలసింది 26న్నర. చెయ్యి 25, నాకు 22న్నర. భుజం 17న్నర, నాకు 16న్నర. ప్యాంటు సంగతి ఇంకా విచిత్రం. నడుము 28 నుంచి 40 దాకా ఏ సైజు తీసుకున్నా లోపలి కాలు పొడవు 32 అంగుళాలే! నడుము పన్నెండు అంగుళాలు పెరిగేలోపు కాలు ఒక్క అంగుళం కూడా మారదట. నా కాలు 27. ఫోటోలోని అబ్బాయి ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం అని కింద గర్వంగా రాశారు. వాడికి ఆ 32 కూడా చీలమండ పైనే ఆగింది.

టీషర్టులు వదిలేశాను, నైట్‌డ్రస్సుగా పనికొస్తాయి. చొక్కాలు బాబాయి చూసుకుంటాడు. చీనోస్ కూడా ఎలాగో సర్దుకోవచ్చనిపించింది. జీన్స్ మాత్రం లాభం లేదు. రెండు కాళ్ల కుట్లు కలిసే చోటు నుంచి బెల్టు దాకా ఉండే ఎత్తు, రైజ్ అంటారే, అది నాకు అంగుళం పైనే ఎక్కువైంది. బెల్టు బొడ్డు మీదికెళ్లింది. కిందికి లాగి వేసుకుంటే రెండు తొడల మధ్య గుడ్డ సంచీలా వేలాడుతోంది. పైగా జీన్స్‌కి మోకాలి దగ్గర అరగదీసినట్టు తెల్లగా చేస్తారు చూడండి, ఆ తెలుపు నా పిక్క మీద ఉంది. కింద ఎంత కోసినా ఆ మచ్చ మోకాలికి ఎక్కదు కదా. తిరిగి పంపించేద్దామనుకున్నాను.

యాప్‌లో కారణం ఎంచుకోమంది. చిన్నదైంది, పెద్దదైంది, రంగు నచ్చలేదు, చిరిగింది. 'పొడవైంది' అనేది లేదు. దగ్గరగా ఉందని 'పెద్దదైంది' నొక్కాను. అలా నొక్కితే డబ్బు వాపసు రాదు, చిన్న సైజు మాత్రమే పంపుతారు. 30 వచ్చింది. అదీ 32 అంగుళాల కాలే. తేడా ఏమిటంటే ఇప్పుడు గుండీ కూడా పట్టదు. మళ్లీ చాట్‌లోకి వెళ్లి నడుము సరిపోయింది, పొడవు సమస్య అని రాస్తే "అసౌకర్యానికి చింతిస్తున్నాం, 28 సైజు ప్రయత్నించండి" అంది మరబొమ్మ. ఎన్నిసార్లు రాసినా ఒకే పాట. చివరికి మనిషి దొరికాడు. రెండోసారి మార్పు కావాలంటే వేసుకున్న ఫోటోలు కావాలన్నాడు. ముందు నుంచి, పక్క నుంచి, పక్కన టేపు పట్టి.

మా ఆవిడ ఫోన్ పట్టుకుంది. మా అమ్మాయి టేపు పట్టుకుంది. "నాన్నా, కదలకు, అంకె కనపడట్లేదు" అంటూ అది నేల మీద బోర్లా పడుకుంది. నేను గోడకి ఆనుకుని ఆ 30 సైజు జీన్స్‌లో గుండీ పెట్టుకోలేక చొక్కా కిందికి లాక్కుంటూ నిలబడ్డాను. వరండాలోంచి ఎదురింటి పిన్నిగారు "ఏంటమ్మా, పాస్‌పోర్టుకా?" అని అడిగింది. మా ఆవిడ నవ్వాపుకోలేక ఫోటో వణికించేసింది. మళ్లీ తీశాం. ఇంట్లో వాళ్ల ముందే కదా అని సరిపెట్టుకుని పంపాను.

అసలు దెబ్బ మర్నాడు ఆఫీసులో తగిలింది. భోజనాల టైము. నేను, సీఏ శిక్షణకి వచ్చిన ఇద్దరు ఆర్టికల్ కుర్రాళ్లు, అటెండరు, బల్ల చుట్టూ కూర్చున్నాం. చెయ్యి పెరుగన్నంలో ఉంది. ఫోన్ మోగితే ఎడంచేత్తో స్పీకర్ నొక్కాను. ఎవరో అమ్మాయి, చాలా తీయని గొంతు, తెలుగే.

"సర్, నేను ఫిట్ ఎక్స్‌పర్ట్‌ని మాట్లాడుతున్నాను. మీ ఫోటోలు చూశాం సర్. వయసు ఎంత సర్?"

"నలభై రెండు."

"మీది కాదు సర్. ఎవరికి తీసుకున్నారో వాళ్ల వయసు."

కుర్రాళ్లు కంచాల్లోకి చూస్తున్నారు. అటెండరు మజ్జిగ గ్లాసు పెదాల దగ్గర పెట్టుకుని తాగడం మానేశాడు. ఫోన్ తీసి చెవికి పెట్టుకుందామంటే చెయ్యి ఎంగిలి.

"నాకే అమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి కంగారు పడలేదు, సారీ అనలేదు. పైన ఎవరో రాసిచ్చింది చదివినట్టు చదివింది: "ఉత్పత్తిలో లోపం లేదు సర్. మీ శరీర కొలతలు మా స్టాండర్డ్ ఫిట్ పరిధిలో లేవు. మా బాయ్స్ కలెక్షన్‌లో పదిహేను, పదహారేళ్ల సైజు మీకు కరెక్టుగా ఉంటుంది సర్, లింక్ పంపించనా?"

వద్దన్నా పంపింది. తెరిస్తే బడిసంచీ తగిలించుకుని పళ్లికిలించే పిల్లాడు. ఆ ప్యాంటు నడుము లోపల సాగే పట్టీ, దానికి కాజాల వరస, ఎదిగేకొద్దీ ఒక్కో కాజా వదులు చేసుకోవడానికి చిన్న గుండీ. నేనింక ఏ దిక్కున ఎదగాలి? ఆ మాటకొస్తే బాయ్స్ సైజులు మగవాళ్ల ఒంటికి సరిపడవు కూడా. ఎత్తు కలుస్తుందేమో గానీ భుజం ఇరుకు, తొడ ఇరుకు, బొజ్జకి చోటే ఉండదు. ఎత్తు ఒక్కటి చూసి పిల్లల బట్టలు వేసుకోమనడం తెలివితక్కువ సలహా. దాన్ని ఇచ్చేవాళ్లకి ఎక్స్‌పర్ట్ అని పేరు!

ఆ పూట ఎవరూ ఏమీ అనలేదు. సాయంత్రం టీ దగ్గర మాత్రం ఒక కుర్రాడు "సార్, హాల్ టికెట్ తెచ్చుకున్నారా?" అన్నాడు. వాడి లీవు లెటర్ ఇంకా నా టేబుల్ మీదే ఉంది.

పరిధిలో లేనట, నేను. 2016లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం 1996లో పుట్టిన మన దేశపు మగవాళ్ల సగటు ఎత్తు 165 సెంటీమీటర్లు, అంటే దాదాపు అయిదడుగుల అయిదంగుళాలు. సగటే అది! అంటే దేశంలో సగం మంది దానికంటే పొట్టి. మరి ఆరడుగుల ఒక అంగుళం వాడి కోసం కుట్టి, మిగతా జనాన్ని పరిధి బయట నిలబెట్టడం ఏం వ్యాపారం? మనకంటూ సొంత సైజులు లేకపోవడం వల్లే కదా ఫ్యాషన్ చదువులు చెప్పే నిఫ్ట్ సంస్థ వాళ్లు కేంద్ర జౌళి శాఖతో కలిసి ఇండియాసైజ్ అని సర్వే తలపెట్టింది. ఆరు నగరాల్లో, అందులో మన హైదరాబాదు కూడా ఉంది, 25 వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలన్నది ఆ లెక్క. న్యూజెర్సీలో ఉన్న మా బావ అయితే న్యూయార్కులో పీటర్ మానింగ్ అని అయిదడుగుల ఎనిమిది లోపు మగవాళ్లకే బట్టలు కుట్టే కంపెనీ ఉందని చెప్పాడు. పొడవు దేశంలో పొట్టివాళ్లకి కొట్టు ఉంది, పొట్టి దేశంలో నాకైతే కనపడలేదు.

సరే, డబ్బు ఎలా వచ్చిందో చెప్తాను, ఇది అందరికీ పనికొస్తుంది. ఆ ఫోన్ తర్వాత వాళ్లు పెద్ద మనసు చేసుకుని జీన్స్ వెనక్కి తీసుకున్నారు గానీ సొమ్ము వాళ్ల యాప్‌లో పాయింట్లుగా వేశారు. పాయింట్లతో మళ్లీ అక్కడే కొనాలి. చాట్‌లో మొత్తుకోవడం దండగ. వెబ్‌సైటు అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, మెయిల్ ఉంటాయి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ పేరు పెట్టి తీరాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. నేను ఆ నియమం పేరు మొదటి వాక్యంలోనే రాశాను, సైజు చార్టు స్క్రీన్‌షాట్ జతచేశాను, అన్ని సైజులకీ ఒకే కాలు పొడవు ఉన్నప్పుడు మార్పిడికి అర్థమేమిటని అడిగాను, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి వెళ్తానని చివర్లో కలిపాను. ఆడిటర్ ఆఫీసులో ఇన్నేళ్లు నోటీసులకి జవాబులు రాసిన చెయ్యి, ఆ మెయిల్ ఎవరికైనా చూపించగలను. చాట్‌లో కదలనిది మెయిల్‌తో కదిలింది. వయసు అడిగిన అమ్మాయి మీద మాత్రం ఫిర్యాదు రాయలేదు, ఆ మాటలు రాసిచ్చినవాడి మీద రాశాను.

మిగిలిన బట్టల సంగతి. టైలర్ దగ్గరికి వెళ్లాక వాపసు ఉండదు, అందుకే ఉంచుకునేవేవో తేల్చుకున్నాకే కత్తెర పెట్టించండి. చొక్కా చేతులు చాలామంది మణికట్టు దగ్గరి పట్టీ, అంటే కఫ్, విప్పి అక్కడ కోస్తారు. అలా చేస్తే కఫ్ పైనుండే చీలిక పట్టీ పొట్టిదైపోయి, దాని మీది చిన్న గుండీ కఫ్‌కి అతుక్కుపోతుంది. బాబాయి అలా చేయలేదు. చెయ్యి మొత్తం చంక దగ్గర విప్పి, పైన కోసి, భుజం కూడా అంగుళం లోపలికి తెచ్చి మళ్లీ అతికాడు. ఒక్క కుట్టుతో రెండు జబ్బులూ పోయాయి. 250 తీసుకున్నాడు, ఇంకో వంద ఇస్తే వద్దన్నాడు. కింద మూడంగుళాలు తీశాక చివరి గుండీ మడతలోకి వచ్చేసింది, దాన్ని తీసేశాడు. జేబు మాత్రం ఏమీ చేయలేకపోయాడు. పొడుగువాళ్ల లెక్కన కుట్టిన జేబు నాకు గుండె కిందికి, దాదాపు పొట్ట మీదికి వచ్చింది. విప్పి పైకి కుడితే పాత కుట్టు రంధ్రాలు తెల్ల చొక్కా మీద వరసగా కనిపిస్తాయన్నాడు. అందుకే పెన్ను పెట్టడం మానేశాను. మీరు కొనేటప్పుడు జేబు లేని చొక్కా దొరికితే అదే కొనండి.

చీనోస్ కింద అయిదంగుళాలు తీస్తే ఇంకో చిక్కు. కిందికి సన్నబడుతూ వచ్చే ప్యాంటు కాబట్టి, సన్నటి భాగమే పోతుంది. 13 అంగుళాల చుట్టుకొలత ఉన్న బాటం దాదాపు 14 అయిపోయి గంటలా ఊగుతుంది. మోకాలి నుంచి కిందిదాకా పక్క కుట్లు మళ్లీ లోపలికి పట్టించాలి. అడగకపోతే ఏ టైలరూ చేయడు, కోసి మడిచి ఇచ్చేస్తాడు. రైజ్ ఎక్కువున్న ప్యాంటు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దు, దాన్ని సరిచేయాలంటే నడుం పట్టీ విప్పి సగం ప్యాంటు మళ్లీ కుట్టాలి. టీషర్టు అంచు మామూలు మిషన్ మీద వేయించకండి, సాగదీయగానే దారం పటుక్కుమంటుంది. తొడ పక్కన జేబులుండే కార్గోల గురించి అసలు మాట్లాడను.

పోలోలు బాగున్నాయి. స్మాల్ సైజు పొడవు 26, కింద తిన్నటి అంచు, చేతి చివర అల్లిక పట్టీ ఉండటంతో మోచేతి మీదికి జారకుండా పైనే ఆగింది. ముదురు ఆకుపచ్చది వేసుకెళ్తే ఆడిటర్ గారే ఎక్కడ కొన్నావని అడిగారు. ఇంకో రెండు రంగులు తెప్పించుకుంటాను, వాళ్ల దగ్గరే.