క్వేకర్లు ఎందుకంత నెమ్మది?

మతసంస్థలు సామాజిక న్యాయం గురించి మాట్లాడితే నాకు ముందు అనుమానమే వస్తుంది, ఎందుకంటే చాలాసార్లు అది బ్యానరు, గ్రూప్ ఫొటో దాటి పోదు. క్వేకర్లంటే క్రైస్తవుల్లో ఒక శాఖ. నేను క్వేకర్‌ని కాదు, అవుతాననీ అనుకోను. కానీ అమెరికాలో వీళ్ళ పని గురించి చదువుతూ పోతే, ఏం చేశారన్న దానికంటే చేయాలని ఎలా నిర్ణయించుకుంటారన్న దాని దగ్గరే ఆగిపోయాను.

17వ శతాబ్దం ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్‌తో మొదలైన సంప్రదాయం ఇది. పాత పద్ధతి పాటించే చోట్ల పాస్టర్ ఉండడు, ప్రసంగం ఉండదు, అందరూ మౌనంగా కూర్చుంటారు, ఎవరికైనా చెప్పాలనిపిస్తే లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు. సంఘాన్నే మీటింగ్ అంటారు. డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఏ ఉద్యమానికి మద్దతివ్వాలి లాంటివి తేల్చే సభ కూడా ఇలాగే నడుస్తుంది, ఓటింగ్ అన్నదే లేదు. సభ నడిపే క్లర్క్‌గా ఉన్నవాళ్ళు అందరి మాటా విని, సభ ఎటు మొగ్గుతోందో అక్కడే రాసి చదివి వినిపిస్తారు, సభ సరేనంటేనే అది మినిట్, అంటే సభ తీర్మానం, అవుతుంది. పూర్తిగా నచ్చనివాళ్ళు అడ్డుపడకుండా పక్కకి తప్పుకోవచ్చు. లేదంటే విషయం వచ్చే నెలకి, ఆ పైనెలకి.

వినడానికి బాగానే ఉంటుంది గానీ దీనికి ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారు. 1688లో ఫిలడెల్ఫియా పక్కనున్న జెర్మన్‌టౌన్‌లో నలుగురు బానిసత్వం తప్పని ఒక కాగితం రాసి సంతకాలు చేశారు. స్థానిక సభ ఇది మా స్థాయికి మించిన విషయమని పైకి పంపింది, పైవాళ్ళు ఇంకా పైకి పంపారు, అక్కడ అది అటకెక్కింది. సభ్యులెవరూ బానిసలను ఉంచుకోకూడదని ఫిలడెల్ఫియా వార్షిక సభ, అంటే ఆ ప్రాంతపు మీటింగులన్నిటికీ పైనున్న సభ, తేల్చింది 1776లో. ఎనభై ఎనిమిదేళ్ళు! ఈ మధ్యలో వచ్చినవాడే బెంజమిన్ లే. నాలుగడుగుల మనిషి, గూని. 1738లో న్యూజెర్సీలోని బర్లింగ్టన్‌లో సభ జరుగుతుంటే, లోపల తొలిచిన పుస్తకంలో ఎర్రటి పండ్ల రసం తిత్తి దాచుకుని వచ్చి, లేచి నిలబడి, కత్తితో దాన్ని పొడిచి, బానిసల యజమానుల మీద నెత్తురులా చిమ్మాడు. మోసుకెళ్ళి బయట పడేశారు. అప్పటికే సంఘంలోంచి కూడా వెలేశారు. ఆయన పోయాక రెండున్నర శతాబ్దాలు దాటాక, ఈ మధ్యనే, ఆయన మావాడేనని ఒప్పుకున్నారు. ఏకాభిప్రాయం అంటూ కూర్చునే ఏ గుంపుకైనా మధ్యలో ఒక లే ఉండాలనిపిస్తుంది నాకు, లేకపోతే సుఖంగా ఉన్నవాళ్ళ మౌనమే తీర్పైపోతుంది.

అమెరికా ఆదివాసీ పిల్లలను వాళ్ళ భాషకీ సంస్కృతికీ దూరం చేసిన బోర్డింగ్ స్కూళ్ళు నడిపినవాళ్ళలో క్వేకర్లూ ఉన్నారు, దాన్నీ మరిచిపోకూడదు.

అయితే నిర్ణయం అంటూ కుదిరాక అది మాటలతో పోదు, ఇది కూడా చెప్పాలి. అదే జెర్మన్‌టౌన్‌లో గ్రీన్ స్ట్రీట్ మీటింగ్ అని ఒకటుంది. చుట్టూ ఉన్న నల్లజాతి కుటుంబాలకు పరిహారంగా పదేళ్ళలో 5 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్మానించుకుంది. అందులో నాకు బాగా నచ్చింది లీగల్ క్లినిక్. తాత పోయి ఏళ్ళయినా ఇల్లు ఇంకా ఆయన పేరు మీదే ఉండి, మరమ్మతుకి సాయం అడగాలన్నా అమ్మాలన్నా వీల్లేక ఇరుక్కున్నవాళ్ళకి లాయర్లను పెట్టి పత్రాలు సరిచేయిస్తారు. ఫొటోకి పనికొచ్చే పని కాదు, కానీ ఇల్లు నిలబెట్టే పని.

ఇక వేరే మతాలవాళ్ళతో పని. ఇక్కడ పాస్టర్, కచ్చితమైన విశ్వాస ప్రకటన లేకపోవడం బాగా కలిసొస్తుంది, మా సిద్ధాంతం ఒప్పుకుంటేనే రండి అనే గొడవ ఉండదు. 1980లలో ఎల్ సాల్వడార్, గ్వాటెమాల యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళను అమెరికా ప్రభుత్వం వెనక్కి పంపేస్తుంటే, అరిజోనాలోని టూసాన్‌లో జిమ్ కార్బెట్ అనే క్వేకర్, పశువులు మేపుకునే మనిషి, వాళ్ళను సరిహద్దు దాటించి ఇళ్ళల్లో దాచడం మొదలుపెట్టాడు. ఇళ్ళు చాలక ప్రెస్బిటేరియన్ పాస్టర్ జాన్ ఫైఫ్‌ని అడిగాడు. 1982 మార్చిలో ఫైఫ్ చర్చి మేం ఆశ్రయం ఇస్తున్నామని బహిరంగంగా ప్రకటించింది, తర్వాత దేశమంతా కాథలిక్ చర్చిలు, యూదుల సినగాగులు కూడా కలిశాయి. కేసులు పెట్టారు. 1986లో ఫైఫ్‌కి శిక్ష పడింది, కార్బెట్ నిర్దోషిగా బయటపడ్డాడు.

2025 జనవరిలో ఇదే మళ్ళీ వచ్చింది. ప్రార్థనా స్థలాల్లో ఇమిగ్రేషన్ అరెస్టుల మీద ఉన్న పాత ఆంక్షలు ట్రంప్ ప్రభుత్వం ఎత్తేస్తే, వారం తిరిగేలోపే ఫిలడెల్ఫియా వార్షిక సభ, ఇంకొన్ని క్వేకర్ మీటింగులు కోర్టుకెళ్ళాయి. ఆ 88 ఏళ్ళతో పోలిస్తే ఇది రాకెట్ వేగమే. ఒక బాప్టిస్ట్ కూటమి, శాక్రమెంటోలోని సిక్కు గురుద్వారా కూడా వాళ్ళతో చేరాయి. బయట పోలీసులు కాపు కాస్తారన్న భయంతో జనం ప్రార్థనకి రావడం మానేస్తే అది మత స్వేచ్ఛను దెబ్బతీయడమేనని వాళ్ళ వాదన. ఫిబ్రవరిలో మేరీలాండ్ జడ్జి వాళ్ళకి అనుకూలంగా తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు, కానీ దావా వేసినవాళ్ళ స్థలాలకు మాత్రమే. అలాంటి ఊరటే కోరుతూ రెండు డజన్లకు పైగా క్రైస్తవ, యూదు సంస్థలు వేసిన ఇంకో కేసులో వాషింగ్టన్ జడ్జి ఏప్రిల్‌లో కుదరదన్నారు. అంటే ఆ నెలకి ఒక వీధిలో గుడికి రక్షణ ఉంది, పక్క వీధిలో చర్చికి లేదు.