నాన్న నేర్పిన బురద నడక

ఒళ్లంతా పులిసిపోయింది, ఎంత కడిగినా చెవిలోంచి ఇంకా మట్టి వస్తూనే ఉంది, అయినా ఇవాళ్టి సంగతి ఇవాళే రాసుకోవాలని కూర్చున్నాను. పెన్సిల్వేనియాలో ఒక స్కీ కొండ మీద మడ్ రన్‌కి తెల్లారకుండానే న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి బయల్దేరాం. మా ఆయన, నేను, పద్నాలుగేళ్ల మా అమ్మాయి, వేసవికని మా దగ్గరికి వచ్చిన నాన్న. నాన్న చూడ్డానికి మాత్రమే. ఐదు కిలోమీటర్లు, దారి పొడుగునా చెక్క గోడలు, తాళ్ల వలలు, ముళ్లతీగ కింద పాకడాలు, ఇక బురద గురించి చెప్పక్కర్లేదు.

మంచు లేని నెలల్లో ఈ కొండలు ఊరికే పడి ఉంటాయి కాబట్టి ఇలాంటి పరుగులకి బాగా పనికొస్తాయి. 2010 మేలో టఫ్ మడర్ అనే పేరున్న పెద్ద బురద పరుగు మొట్టమొదటిసారి జరిగింది కూడా ఈ రాష్ట్రంలోనే, బేర్ క్రీక్ అనే స్కీ కొండ మీద. మేం వెళ్లింది అంత పెద్దదేం కాదు. పద్ధతి మాత్రం అలాంటిదే, ఎంతసేపట్లో పూర్తిచేశావని ఎవరూ అడగరు, పక్కవాళ్లు ఇరుక్కుంటే ఆగి లాగాలి. నాకు నచ్చింది అదే. మా అమ్మాయికి మాత్రం పోటీ కావాలి, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మోడర్న్ పెంటాథ్లాన్ అనే ఐదు ఆటల పోటీలో గుర్రపు స్వారీ తీసేసి అడ్డంకుల పరుగే పెడుతున్నారని కారులో దారంతా వాళ్ల తాతయ్యకి చెబుతూనే ఉంది.

గోడలూ వలలూ బాగానే అయ్యాయి. మా ఆయన మోకాలు వంచి కూర్చుంటే తొడ మీద కాలేసి నేనూ అమ్మాయీ ఎక్కేశాం. అసలు కష్టం ఆ తర్వాత వచ్చిన గోతుల్లో. ఒక మట్టి గుట్ట, దాని వెనకే తొడల దాకా బురదనీళ్ల గొయ్యి, మళ్లీ గుట్ట, మళ్లీ గొయ్యి. రెండో గోతిలో నా కాలు దిగబడిపోయింది. పైకి లాగిన కొద్దీ బూటు కిందే ఉండిపోతోంది, పాదం కింద గాలి దూరే సందు లేకపోతే బురద అలాగే పీల్చి పట్టుకుంటుంది. నిజంగా టెన్షన్ వచ్చేసింది.

అప్పుడు తాడు అవతల నుంచి నాన్న గొంతు. "అమ్మా, నిటారుగా పైకి లాగకు! ముందు మడమ లేపు, వేళ్లు కిందికి వంచి వెనక్కి లాగు. కింద గట్టి నేల తగులుతుంది, భయపడకు." తణుకు దగ్గర మా చేలల్లో నలభై ఏళ్లు దమ్ము చేసిన, అంటే నాట్లకి ముందు నీళ్లు పెట్టి చేను బురదగా దున్నిన మనిషి ఆయన. దమ్ము చేసిన చేలో పైన ఎంత బురదున్నా అడుగున నేల గట్టిపడి ఉంటుంది, దాని మీదే కూలీలు రోజంతా వంగి నాట్లు వేస్తారు. నేను ఆ గట్ల మీదే పెరిగాను కానీ చదువు పేరుతో నన్ను చేలోకి దిగనిచ్చేవారు కాదు. ఇవాళ ఆయన చెప్పినట్టు మడమ లేపాను, బూటుతో సహా కాలు వచ్చేసింది! నా పక్కనే ఒకావిడ కొడుకుతో పాటు ఇరుక్కుపోయి ఉంది, నాన్న ఆవిడకీ తెలుగులోనే చెబుతూ, గడ్డి మీద తన కాలు ఎత్తి చూపించారు. వాళ్లిద్దరూ అచ్చం అలాగే చేసి బయటపడ్డారు. ఆ తర్వాత ఎవరు ఇరుక్కున్నా ఆయన అక్కడే నిలబడి చూపిస్తూనే ఉన్నారు. అమెరికా వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడ నాకేం పని ఉందమ్మా అంటున్న మనిషి ముఖం అంత వెలిగిపోవడం చూసి నాకు గొంతు పట్టేసింది.

చివరి గుట్ట మీద మా అమ్మాయి బోర్లా పడుకుని చెయ్యి చాచింది. తడి వేళ్లు జారిపోతాయని "అమ్మా, మణికట్టు పట్టుకో" అని తనే చెప్పింది. ఈ ఏడాదంతా ఏం అడిగినా ఒక్క ముక్కలో జవాబు చెప్పి గదిలోకి వెళ్లిపోతున్న పిల్ల, నన్ను పైకి లాగేదాకా వదల్లేదు. లాగాక కూడా కాసేపు వదల్లేదు.

బయటికి రాగానే గీసుకున్నచోట్లన్నీ సబ్బుతో కడిగి మందు రాశాను, ఇందులో నేను అస్సలు రాజీపడను. 2012లో నెవాడాలో ఒక పశువుల ఫారంలో జరిగిన ఇలాంటి పరుగులో బురద నీళ్లు మింగి చాలామందికి విరేచనాలు పట్టుకున్నాయి, అందుకే గోతుల్లో నోరు తెరవొద్దని పొద్దున్నే ఇద్దరికీ గట్టిగా చెప్పాను. నాన్నకి ఈ జాగ్రత్తలు కొత్తగా అనిపించాయి. ఆయన మాత్రం అమ్మాయి బూటుకి అంటిన మట్టిని వేళ్ల మధ్య నలిపి చూసి, ఇందులో ఇసుక పాలు ఎక్కువ, మన ఒండ్రుమట్టిలా నీళ్లు నిలబడవు, వరికి పనికిరాదు అన్నారు.

అమ్మాయి అప్పుడే వచ్చే ఏడాది పది కిలోమీటర్లది చేద్దామంటోంది. దాంట్లో కడ్డీలకి వేలాడుతూ దాటేవి ఉంటాయట, చేతుల్లో బలం కావాలి. రేపట్నుంచి సాయంత్రాలు తనతో పార్కుకి వెళ్లి కడ్డీ పట్టుకోవడం మొదలుపెడతాను. నాన్నని కూడా తీసుకెళ్తాను.