కంప్యూటర్‌లో నేను ఇద్దరిని

2022 ఆగస్టులో జ్వరం, మూత్రంలో మంట వచ్చి హనుమకొండలో మాకు అలవాటైన ఒక ప్రైవేట్ ఆసుపత్రికి వెళ్ళాను. దాని పేరు రాయను. కౌంటర్‌లో అమ్మాయి ఫోన్ నంబర్ అడిగింది, చెప్పాను, కొట్టి చూసి "కొత్త పేషెంటా మేడమ్?" అంది. ఇక్కడికి ముందు కూడా వచ్చానమ్మా అన్నాను. పాత కార్డు ఉందా అంటే లేదు, అప్పటి ఫోన్ నంబర్ చెప్పమంటే గుర్తు రాలేదు, వెనకాల లైన్ పెద్దగా ఉంది, నాకేమో నిలబడే ఓపిక లేదు. సరే, కొత్తదే చేసేయండి అన్నాను.

పాత ఫైలులో ఏముందో చెప్తాను. 2016 మార్చిలో అదే ఆసుపత్రిలో ఇదే ఇన్‌ఫెక్షన్‌కి కోట్రైమాక్సజోల్ అనే గోలీలు ఇచ్చారు. అది సల్ఫా అనే రకం మందు. వారానికి ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లు, పెదాలు వాచాయి. రెండు రోజులు అడ్మిట్ చేసుకుని, గోలీలు ఆపి, డిశ్చార్జ్ సమ్మరీలో ఎర్ర పెన్నుతో "సల్ఫా పడదు" అని రాసి డాక్టర్ గారు నాకు చెప్పారు కూడా. విశ్రాంతి కోసం ములుగు దగ్గర మా తల్లిగారింటికి పోయినప్పుడు ఆ కవరు అక్కడే ఉండిపోయింది. ఆరేళ్ళలో మందు పేరు మర్చిపోయాను, నిజంగా మర్చిపోయాను. 2022లో డాక్టర్ గారు "ఏమైనా మందులు పడవా?" అని అడిగారు. ఎప్పుడో ఒకసారి దద్దుర్లు వచ్చాయి సార్, దేనికో తెలియదు అన్నాను. ఆయన కంప్యూటర్ చూశారు, నా పేరు మీద ఏమీ లేదు, పొద్దున్నే తయారైన ఖాళీ ఫైలు కదా.

అవే గోలీలు మళ్ళీ రాశారు.

మూడో రోజుకి కళ్ళు మండటం మొదలైంది, గొంతు నొప్పి, నోరంతా పూత. జ్వరం పెరిగిందనుకుని గోలీలు ఇంకా శ్రద్ధగా వేసుకున్నాను, ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. ఐదో రోజు ఛాతీ మీద, వీపు మీద బొబ్బలు వచ్చాయి, చొక్కా తీస్తుంటే చర్మం దానితోపాటే వచ్చింది. మా ఆయన రాత్రికి రాత్రి ఇంకో ఆసుపత్రికి తీసుకుపోయారు. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అన్నారు. సల్ఫా మందులు, ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, యూరిక్ యాసిడ్‌కి ఇచ్చే అల్లోప్యూరినాల్ లాంటివి కొందరిలో ఇలా చేస్తాయట. ఊడిన చర్మం ఒంట్లో పదో వంతు దాటకపోతే ఈ పేరు, 30 శాతం దాటితే ఇంకా ప్రమాదకరమైన దశ. నాది పదో వంతు దాటలేదు.

పదిహేడు రోజులున్నాను. సెలైన్, కట్లు, గంట గంటకీ కళ్ళల్లో చుక్కలు. రెప్పలు కంటికి అతుక్కుపోకుండా కంటి డాక్టర్ రోజూ వచ్చి చూసేవారు. నీళ్ళు మింగినా గొంతు కోసినట్టుండేది. రాత్రిపూట వదిన అలారం పెట్టుకుని లేచి చుక్కలు వేసేది. ఒకరోజు పుండ్ల మీదికని మావాళ్ళు బయట మెడికల్ షాపులో కాలిన గాయాలకు రాసే తెల్ల క్రీము కొని తెచ్చారు. డ్యూటీ సిస్టర్ ట్యూబు తిప్పి చదివి గబుక్కున లాగేసుకుంది. "ఇందులో సిల్వర్ సల్ఫాడయాజిన్ ఉంది అక్కా, ఇది కూడా సల్ఫానే, మీకు రాయొద్దు" అంది. ఆమె చదవకపోతే ఎవరికీ తెలిసేది కాదు. అప్పటికే ఫైలు మొదటి పేజీ మీద, కంప్యూటర్‌లో అలర్జీ గడిలో, మంచం తలాపున అట్ట మీద, మూడు చోట్లా సల్ఫా అని ఎక్కించారు వాళ్ళు.

కోలుకున్నాక నవంబర్‌లో పాత ఆసుపత్రికి పోయి రికార్డులు చూసే మెడికల్ రికార్డ్స్ విభాగంలో కూర్చున్నాను. గొడవకు కాదు, ఎలా జరిగిందో తెలుసుకోవాలని. అక్కడున్నాయన ఓపికగా అరగంట వెతికి రెండు ఫైళ్ళూ స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టారు. ఒకదాంట్లో నా పేరులోని లక్ష్మిని ఇంగ్లీషులో ఎక్స్‌తో రాశారు, ఇంకోదాంట్లో కె ఎస్ హెచ్‌తో. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక. ఫోన్ నంబర్ వేరు. చిరునామాలో ఒకటి వరంగల్ జిల్లా, ఇంకోటి హనుమకొండ జిల్లా. మేం ఇల్లు మారలేదు, 2016లో జిల్లాలు విడిపోయి 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయింది, అంతే. ఆ కంప్యూటర్‌కి మాత్రం ఇద్దరు మనుషులు.

ప్రతి పేషెంట్‌కీ ఒక నంబర్ ఇస్తారు. రక్తం తీసిన ట్యూబు మీద బార్‌కోడ్, ఎక్స్‌రే, బిల్లు, మందుల చీటీ అన్నీ ఆ నంబర్‌కే కట్టి ఉంటాయి. అది రెండైతే మనిషి చరిత్ర రెండు ముక్కలు. ఆయన ఇంకో మాట చెప్పారు, అది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. పాత ఫైలు దొరికినా డాక్టర్‌కి హెచ్చరిక వచ్చేది కాదట, ఎందుకంటే 2016 సమ్మరీని స్కాన్ చేసి ఫొటోలా పెట్టారు. అలర్జీ గడిలో మందు పేరు ఎక్కిస్తేనే, డాక్టర్ ఆ మందు రాయబోయినప్పుడు స్క్రీన్ మీద అడ్డం వస్తుంది. ఫొటోలో ఉన్న ఎర్ర అక్షరాలను సాఫ్ట్‌వేర్ చదవదు. ఆయన ఆ రోజే రెండు నంబర్లూ కలపడానికి పెట్టి, అలర్జీ గడి నా ఎదురుగానే నింపారు.

2022 మార్చిలోనే ములుగు, సిరిసిల్ల జిల్లాల్లో ప్రభుత్వం హెల్త్ ప్రొఫైల్ మొదలుపెట్టింది, ఇంటింటికీ వచ్చి బీపీ, షుగర్ చూసి వివరాలు ఎక్కించారు. అమ్మ ఫోన్ చేసి సంబరంగా చెప్పింది కూడా. అదే ఇంట్లో బీరువాలో చీరల కింద నా ఎర్ర అక్షరాల కాగితం ఉంది.

వరంగల్‌లోని ప్రభుత్వ పెద్దాసుపత్రి ఎంజీఎం గేటు దగ్గర కాసేపు నిలబడితే కనబడుతుంది, ఆదిలాబాద్ నుంచి, ఖమ్మం నుంచి వచ్చినవాళ్ళ చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు. వాళ్ళ జబ్బు చరిత్రంతా ఆ కవరే, అది బస్సులో మర్చిపోతే ఇక ఏమీ లేదు. మన ఆరోగ్య రికార్డులన్నీ ఒకే నంబర్‌కి కలపడానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆభా నంబర్ తీసుకున్నాను నేను, పద్నాలుగు అంకెలు, 2021 సెప్టెంబర్‌లో దేశమంతా మొదలైంది. మనం ఒప్పుకుంటేనే ఒక ఆసుపత్రి కాగితాలు ఇంకో ఆసుపత్రికి కనబడతాయి. కానీ ఆ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ దానికి కలిసి ఉండాలి, ఎవరో కూర్చుని ఎక్కించాలి. నేను వెళ్ళే క్లినిక్‌లో ఇంకా నోటుబుక్కే. అందుకని పర్సులో చిన్న అట్ట ముక్క కూడా పెట్టుకుంటాను, తెలుగులో ఒకవైపు, ఇంగ్లీషులో ఒకవైపు, మందు పేర్లతో. మా ఆయన ఫోన్లో దాని ఫొటో ఉంది, వదిన ఫోన్లో కూడా.

కళ్ళు ఇంకా పొడిగానే ఉంటాయి, ఎండలోకి పోతే మండుతాయి, రోజుకి నాలుగుసార్లు చుక్కలు. రాలిపోయిన గోళ్ళు తిరిగి వచ్చాయి. కలిపిన ఫైలులో పేరు ఎక్స్‌తోనే ఉండిపోయింది, ఆధార్‌లో అలా లేదు. సోమవారం కంటి చెకప్ ఉంది, ఆధార్ పట్టుకుపోయి ముందు అది మార్పించాలి.